ఒకే పౌడర్‌కు రెండు యూనిట్ సెల్స్: బీటా 94.6 రాయాలా, 115.6 రాయాలా?

జీడిమెట్ల పౌడర్ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఎక్స్‌ఆర్‌డీ మెషిన్ (పౌడర్ మీద ఎక్స్-కిరణాలు వేసి, అవి ఏ కోణాల్లో బలంగా వస్తాయో పీకులుగా గీసేది) చూసుకుంటాను. నేను చదివింది ఎమ్మెస్సీ ఆర్గానిక్. క్రిస్టలోగ్రఫీ మాకు ఒకే ఒక్క యూనిట్, అది కూడా పరీక్ష ముందు రాత్రి చదివాను. ఇప్పుడు తిండి పెడుతున్నది అదే. తప్పులుంటే తిట్టండి, కాస్త మెల్లగా.

మాలిక్యూల్ పేరు చెప్పకూడదు. హైడ్రోజన్లు వదిలేస్తే 20 ఆటమ్స్ ఉంటాయి. పాత ఫైల్లో ఒక సింగిల్ క్రిస్టల్ రిపోర్ట్ ఉంది. అందులో యూనిట్ సెల్ (క్రిస్టల్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గడి) అంచులు ఎ 8.31, బి 11.46, సి 16.49 ఆంగ్‌స్ట్రాములు, ఎ కు సి కి మధ్య కోణం బీటా 115.6, స్పేస్ గ్రూప్ (లోపలి సిమెట్రీకి పెట్టే పేరు) పి21/సి.

పోయిన వారం కొత్త బ్యాచ్ వచ్చింది. రాత్రంతా స్కాన్ పెట్టి, పొద్దున్నే పీకులు ఏరి, వాటి నుంచి సెల్ వెతికే సాఫ్ట్‌వేర్ డిక్‌వాల్‌కు ఇచ్చాను. అది ఎ 8.31, బి 11.46 అనే చెప్పింది కానీ సి 14.92, బీటా 94.6 అంది. ఎమ్20 (సెల్ పీకులకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె) విలువ 24. అబ్సెన్సులు (సిమెట్రీ వల్ల కనపడకుండా పోయే పీకులు) చూస్తే పి21/ఎన్ లాగా ఉంది. పాత సెల్‌తో అవే పీకుల్ని సరిచూస్తే దానికీ 24 వచ్చింది!

ఇంకోటి కూడా ఉంది. లిస్టులో అయిదు పీకులు మరీ చిన్నవి, నాయిస్ అనుకుని తీసేసి మళ్ళీ రన్ చేశాను. ఈసారి బి సగానికి పడిపోయి 5.73 అయింది, మిగతావన్నీ అవే. వాల్యూమ్ 708, ఎమ్20 ఏకంగా 43.

మా మేనేజర్‌గారు రెండు బీటాలనూ పక్కపక్కన చూసి "కొత్త పాలిమార్ఫా?" అన్నారు, అంటే అదే మాలిక్యూల్ వేరే క్రిస్టల్ రూపంలో వచ్చిందా అని. అన్నది సంతోషంతోనో భయంతోనో తెలియలేదు. 1998లో రిటోనవిర్ క్యాప్సూల్స్‌లో ఎవరూ ఊహించని రూపం బయటపడి వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్న కథ మా ఫ్లోర్‌లో అందరికీ కంఠోపాఠం. గురువారానికి రిపోర్ట్ ఇవ్వాలి. మూడింట్లో ఏ సెల్ రాయాలి? అసలు ఇవి వేరువేరు క్రిస్టల్సా?

కూకట్‌పల్లి కెమిస్ట్:

ఇంత టెన్షన్ ఎందుకండీ. ఎమ్20 ఎక్కువ ఉన్నది తీసుకోండి, సింపుల్. 24 ఎక్కడ, 43 ఎక్కడ? పైగా చిన్న సెల్ దొరికితే పెద్దది రాయకూడదని మా సార్ చెప్పేవారు. మూడోదే రాసేయండి.

తార్నాక తాత:

జీడిమెట్ల బిడ్డా, పైన తమ్ముడు చెప్పిన మాట ఇనకు. తమ్ముడూ, కోపం చేసుకోకు. వాళ్ళ సార్ చెప్పింది నిజమే, గాని అది ఇక్కడ వర్తించది.

ముప్పై ఏండ్లు డిఫ్రాక్షన్ రూములనే ఉన్న. మొదట్ల వైసెన్‌బర్గ్ కెమెరా, చీకటి రూముల ఫిల్ము కడుగుడు, ఆరినంక స్కేలు పెట్టి కొలుసుడు. గప్పుడు సెల్ తప్పు పట్టుకుంటే వారం పోయేది. మీకు పది సెకండ్ల మూడు సెల్లు వస్తున్నయ్, అందుకే మీకు బాధ ఎక్కువ.

ముందుగాల మొదటి రెండు చూద్దాం. వాల్యూమ్ లెక్క కట్టినవా? పాతది: 8.31 × 11.46 × 16.49 × సైన్ 115.6, అంటే 1416. కొత్తది: 8.31 × 11.46 × 14.92 × సైన్ 94.6, అది గూడ 1416. దీన్ని 4 మాలిక్యూల్స్‌కు పంచితే 354, మళ్ళ 20 ఆటమ్స్‌కు పంచితే 17.7. ఆర్గానిక్ క్రిస్టల్ల హైడ్రోజన్ కాని ఒక్కో ఆటమ్‌కు సుమారు 18 క్యూబిక్ ఆంగ్‌స్ట్రాములు అని మేం వేలు మీద లెక్క పెట్టుకునేది. సరిపోయింది.

వాల్యూమ్ కలిసినంత మాత్రాన లాటిస్, అంటే క్రిస్టల్ల చుక్కల అమరిక, ఒకటే అని చెప్పలేం. ఎ, బి గూడ కలిసినయ్ గనుక ఇప్పుడు సి సంగతి చూడు. కొత్త సెల్ల ఎ ని, సి ని కలిపి ఒక కొత్త గీత గీయి. దాని పొడుగు ఎంత? 8.31 స్క్వేర్ 69.06, 14.92 స్క్వేర్ 222.61, రెండింతల ఎ సి కొసైన్ బీటా మైనస్ 19.89. మొత్తం 271.8. వర్గమూలం 16.49. నీ పాత రిపోర్ట్‌ల సి అదే! ఆ గీతకు ఎ కు నడుమ కోణం 64.4, ఎ ని తిప్పి పెడితే 115.6. ఇగ ఏం మిగిలింది? రెండూ ఒక్కటే లాటిస్.

పీకుల్ల గూడ చూడు. కాపర్ ట్యూబ్ అయితే నీకు 11.79 డిగ్రీల దగ్గర ఒకటి ఉండాలె. కొత్త సెల్ల దాని పేరు, అంటే హెచ్, కె, ఎల్ ఇండెక్సులు, 1, 0, మైనస్ 1. పాత సెల్ల మైనస్ 1, 0, 0. పీకు కదలలే, పేరు మారింది, గంతే. పక్కన్నే 11.89 ది రెండు సెల్లల్ల గూడ 0, 0, 2 నే. 10.67 దగ్గర ఏం కనపడదు, ఎందుకంటే కొత్త సెల్ల అది 1, 0, 0. హెచ్ + ఎల్ బేసి, ఎన్ గ్లైడ్ (అద్దంల తిప్పి సగం జరిపే సిమెట్రీ) దాన్ని తుడిచేసింది. పాత సెల్ల దాని పేరు మైనస్ 1, 0, 1. ఎల్ బేసి, సి గ్లైడ్ తుడిచేసింది. అందుకే నీకు ఒకచోట పి21/ఎన్, ఒకచోట పి21/సి కనపడ్డది. పేర్లు రెండైనా ఇంటర్నేషనల్ టేబుల్స్‌ల నంబర్ ఒకటే, 14. అచ్చైన ఆర్గానిక్ స్ట్రక్చర్లల్ల దాదాపు మూడోవంతు ఈ ఒక్క నంబర్‌లనే ఉంటయ్, కాబట్టి ఈ కొట్లాట నీ ఒక్కదానిది కాదు.

మీ మేనేజర్‌కు జ్వరం బిళ్ళ చూపెట్టు. పారాసిటమాల్ మొదటి రూపం 1976 నాటి పేపర్ల పి21/ఎ కింద ఉంటది: 12.93, 9.40, 7.10, బీటా 115.9. ఇప్పటోళ్ళు ఎక్కువ పి21/ఎన్ రాస్తరు: రూమ్ టెంపరేచర్‌ల 7.10, 9.40, 11.72, బీటా 97 చిల్లర. రెండింటి వాల్యూమ్ 776 చొప్పున. ఎ, సి కలిపి నువ్వే లెక్క కట్టి చూడు. బిళ్ళ మారిందా? గదే పారాసిటమాల్ రెండో రూపం ఆర్థోరాంబిక్ (మూడు కోణాలు 90), దాన్ని ఎన్ని మాట్రిక్సులు పెట్టి తిప్పినా మొదటి రూపంల కలవది. పాలిమార్ఫ్ అంటే అది.

ఎందుకిట్ల అయితదంటే, మీ ఇంట్ల సంక్రాంతికి చుక్కల ముగ్గు ఏసేటప్పుడు చూసినవా? చుక్కలు ముందు, గీతలు తర్వాత. క్రిస్టల్ పెట్టేది చుక్కలే. ఏ నాలుగు చుక్కలు కలిపి గడి గీస్తమో అది మన ఇష్టం. లోపల గాని అంచు మీద గాని ఇంకో చుక్క పడనంత కాలం గడి ఎంత వంకరగ గీసినా వైశాల్యం ఒకటే వస్తది. గట్ల గీయగలిగే గడులకు లెక్క లేదు. అందుకే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టిండ్రు. 1928ల నిగ్లీ చెప్పిన రెడ్యూస్డ్ సెల్ అదే: పొట్టి గీతలు, ఒకే ఒక్క జవాబు. దాన్ని మెషిన్ చేసేటట్టు క్రివీ, గ్రూబర్ 1976ల అల్గారిథమ్ రాసిండ్రు. జ్వరం బిళ్ళ పేపర్ వచ్చింది గూడ అదే ఏడు, యాదృచ్ఛికం.

మోనోక్లినిక్‌కు (బీటా ఒక్కటే 90 కానిదానికి) నేను చేతితోని చేసే పరీక్ష చెప్త. సి ని కొసైన్ బీటాతోని గుణించి గుర్తు వదిలెయ్. అది ఎ ల సగం కంటే ఎక్కువ వస్తే ఆ సెల్ ఇంకా పొట్టి అయితది. పాతది: 16.49 × 0.432 అంటే 7.1, ఎ ల సగం 4.16. పొట్టి చేయొచ్చు. కొత్తది: 14.92 × 0.080 అంటే 1.2. ఇగ చేయలేవు. ఎ కంటే సి చిన్నదైతే రెండిటి పేర్లు మార్చి చెయ్యి.

ఇప్పుడు ఆ మూడోది. అది వేరే ముచ్చట. మొదటి రెండు ఒకే చుక్కల మీద రెండు గడులు. మూడోది సగం చుక్కల్ని ఉత్తగనే అదనంగ పెట్టింది. బి సగం అయ్యిందంటే కె బేసి ఉన్న పీకులన్నీ లేవు అని అర్థం. ఎందుకు లేవు? నువ్వే తీసేసినవ్ గద బిడ్డా! ఆ అయిదు పీకులల్ల 9.74 దగ్గరిది ఒకటి ఉండాలె, 0, 1, 1 అది. డి వోల్ఫ్ 1968ల చెప్పిన ఎమ్20 ఎట్ల కడతరో చూడు: ఇరవయ్యో లైన్ దాకా సెల్ చూపెట్టే లైన్లు ఎన్ని అన్నది హారంల ఉంటది. సెల్ సగమైతే లైన్లు సగమైతయ్, ఎమ్20 రెండింతలకు దగ్గర పోతది. 24 కు 43 అందుకే వచ్చింది, సెల్ మంచిదని కాదు. కూకట్‌పల్లి తమ్ముడూ, చిన్న సెల్ నియమం నిజమే గాని, అన్ని పీకులకు పేరు పెట్టగలిగిన వాటిల్ల చిన్నది తీసుకోవాలె.

8 నుంచి 13 డిగ్రీల దాకా మెల్లగ స్కాన్ చెయ్యి. 9.74 నాయిస్ అయితే కరిగిపోతది, పీకైతే నిలబడతది.

కూకట్‌పల్లి కెమిస్ట్:

తాతగారూ ఒప్పుకున్నాను. ఎమ్20 కింద లైన్ల లెక్క ఉంటుందని నిజంగా తెలియదు, ఇన్నేళ్ళూ స్క్రీన్ మీద నంబర్ చూసి టిక్ పెట్టడమే.

జీడిమెట్ల పౌడర్:

సార్, మీరు చెప్పింది కాగితం మీద రెండుసార్లు చేసి చూశాను. మేనేజర్‌గారికి జ్వరం బిళ్ళ ఉదాహరణ చెబితే ఆయనే కాలిక్యులేటర్ తీసుకున్నారు.

స్కాన్ సంగతి. మామూలుగా గాజు స్లైడ్ మీద వేస్తాం, దాని అడుగు గుట్టలా లేచి చిన్న పీకుల్ని మింగేస్తుంది. ఈసారి సిలికాన్ హోల్డర్ మీద వేసి, స్టెప్‌కు పది రెట్లు టైమ్ ఇచ్చాను. మధ్యలో చిల్లర్ ఒకసారి కూతపెట్టి ఆగింది, మళ్ళీ మొదటి నుంచి. సాయంత్రం ఆరింటికి 9.74 దగ్గర పీక్ నిలబడింది. పెద్ద పీకులో వందో వంతు ఉంటుందేమో, కానీ ఆకారం శుభ్రంగా ఉంది. స్కాన్ 13 డిగ్రీల పైకి కూడా పొడిగిస్తే మిగతా నాలుగూ నిలబడ్డాయి. మూడో సెల్ కొట్టేశాను.

అసలు గొడవ తర్వాత వచ్చింది. పాత రిపోర్ట్‌లోని ఆటమ్ కోఆర్డినేట్స్‌ని కొత్త సెల్‌లోకి తెచ్చి రీట్‌వెల్డ్ (స్ట్రక్చర్ నుంచి లెక్కకట్టిన పీకుల్ని అసలు స్కాన్‌తో సరిపోల్చడం) చేద్దామనుకున్నాను. ఎ డాష్ అంటే మైనస్ ఎ, బి అలాగే, సి డాష్ అంటే ఎ + సి అని మాట్రిక్స్ రాశాను. కోఆర్డినేట్స్‌నీ అదే మాట్రిక్స్‌లో పెట్టి తిప్పాను. బెంజీన్ రింగ్ నలిగిన అప్పడంలా వచ్చింది, కార్బన్ కార్బన్ దూరం ఒకచోట 1.9. ఎక్కడ తప్పాను?

తార్నాక తాత:

రెండుచోట్ల. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

చిన్నది: నీ మాట్రిక్స్ డిటర్మినెంట్ మైనస్ 1 వస్తది. కుడిచేతి అక్షాలు ఎడమచేతివి అయిపోయినయ్. బి ని గూడ మైనస్ చెయ్యి, ప్లస్ 1 అయితది. నీది ఇన్వర్షన్ ఉన్న (కుడి, ఎడమ రూపాలు రెండూ ఉండే) స్పేస్ గ్రూప్ గనుక కొంప మునగలే. అదే కైరల్ మందు అయితే చెయ్యి మారిపోయి కుడి మాలిక్యూల్‌ను ఎడమది అని రాసేదానివి.

పెద్దది: హెచ్ కె ఎల్ అక్షాలతో పాటు తిరుగుతయ్. కోఆర్డినేట్స్ గట్ల తిరగవు. గీత పొడుగు పెరిగితే దాని మీద భిన్నం తగ్గాలె గద. ఇన్వర్స్ ట్రాన్స్‌పోజ్ పెట్టాలె. నీకు తయారుగ చెప్త, రాసుకో:

ఇండెక్సులు: కొత్త హెచ్ అంటే మైనస్ హెచ్, కె అంటే మైనస్ కె, ఎల్ అంటే హెచ్ + ఎల్.

కోఆర్డినేట్స్: ఎక్స్ అంటే జెడ్ మైనస్ ఎక్స్, వై అంటే మైనస్ వై, జెడ్ అట్లనే ఉంటది.

ఈ మాట్రిక్స్‌కు ఒక మంచి గుణముంది, రెండుసార్లు పెడితే మొదటికి వస్తది. కాబట్టి పాత నుంచి కొత్తకు, కొత్త నుంచి పాతకు ఇదే సూత్రం. తిప్పినంక ఒక బెంజీన్ రింగ్‌ల బాండ్లు కొలిసి చూసే రిపోర్ట్ రాయి. నేను 1990లల్ల గిదే తప్పు చేసి, ఒక పూట మొత్తం డేటానే బాగలేదని మెషిన్‌ను తిట్టిన.

హబ్సిగూడ ప్రొటీన్:

అక్కా, మీది నయం. సెల్ అంకెలు వేరుగా ఉన్నాయి కాబట్టి అనుమానం వచ్చింది. ప్రొటీన్ వాళ్ళ కష్టం ఏమిటంటే అంకెలన్నీ అచ్చు ఒకేలా ఉండి మోసం చేస్తాయి.

నా పీహెచ్‌డీ మూడో ఏడు, పి6 కుటుంబంలోని క్రిస్టల్. రెండు క్రిస్టల్స్ డేటా కలపబోతే ఆర్-మెర్జ్ (రెండు డేటాల మధ్య తేడా, శాతంలో) 50 దాటింది. ఎ, బి, సి అన్నీ రెండో దశాంశం దాకా కలుస్తున్నాయి. క్రిస్టల్ పాడైందనుకుని మూడు వారాలు కొత్తవి పెంచాను. చివరికి మా సీనియర్ వచ్చి, రెండో డేటాలో హెచ్, కె తారుమారు చేసి ఎల్ ముందు మైనస్ పెట్టమన్నాడు. ఆర్-మెర్జ్ 7 కు దిగింది. లాటిస్‌కు ఉన్న సిమెట్రీ లోపలి ప్రొటీన్‌కు లేకపోతే ఈ చిక్కు వస్తుంది: 3, 4, 6, 32, 23 పాయింట్ గ్రూపుల్లో. సాఫ్ట్‌వేర్ ఒక్కో క్రిస్టల్‌కు బొమ్మా బొరుసూ వేసినట్టు ఒక వైపు ఎంచుకుంటుంది, రెండూ దాని దృష్టిలో సరైనవే. అక్కడ పీక్ స్థానాలు ఎంత చూసినా లాభం లేదు, ఇంటెన్సిటీలే చెప్పాలి.

తాతగారూ, ఒక అనుమానం. అక్క పాత సెల్‌నే ఉంచేస్తే నష్టమా? పాత ఫైళ్ళతో పోల్చడానికి అదే సులువు కదా.

తార్నాక తాత:

నష్టం లేదు, కష్టం ఉంది. బీటా 115 ఉంటే ఎక్స్ కు జెడ్ కు రిఫైన్‌మెంట్‌ల ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుంటయ్, కోరిలేషన్ పెరుగుతది. 94 తోని హాయిగ పోతది. అందుకే కొత్తగ స్ట్రక్చర్ చేసేటప్పుడు 90 కి దగ్గరిది తీసుకో అంట. గాని ఒకే పదార్థం మీద టెంపరేచర్ సిరీస్ నడుస్తుంటేనో, మీ కంపెనీల పదేండ్ల ఫైళ్ళు పాత సెల్ల ఉంటేనో, పాతదే ఉంచు. నడుమల మార్చొద్దు. 100 కెల్విన్ డేటా పక్కన రూమ్ టెంపరేచర్ డేటా పెట్టినప్పుడు అక్షాలు ఎట్లాగు ఒకటి రెండు శాతం గుంజుకుంటయ్. దాని మీద సెల్ గూడ మారిస్తే చదివేటోడు ఆగమైతడు.

ఇంకో మాట, సెంటరింగ్ (గడి నడుమల గూడ చుక్క ఉండుడు) గురించి. ఇది తెలంగాణల అందరు ఆడోళ్ళకు తెలుసు, క్రిస్టలోగ్రఫీ పిల్లలకే తెలియదు. ముగ్గుల ఎదురు చుక్క వేరు, సందు చుక్క వేరు. సందు చుక్కలకు నిలువు గడి గీస్తే నడుమల ఒక చుక్క మిగులుతది. వంకర గడి గీస్తే మిగలదు, వైశాల్యం సగమైతది. రెడ్యూస్డ్ సెల్ వెతికే సాఫ్ట్‌వేర్ ఆ వంకర గడి ఇస్తది, ట్రైక్లినిక్ (ఏ కోణం 90 కానిది) అని చూపెడతది. నిజానికి అది సెంటరింగ్ ఉన్న మోనోక్లినిక్ సి2/సి అయి ఉండొచ్చు. ఇక్కడ వంకరగున్న చిన్నదాన్ని వదిలి, సిమెట్రీ కనపడే పెద్దదాన్నే రాయాలె. నీ కేసుల గది లేదు, ఎదురు చుక్కనే.

జీడిమెట్ల పౌడర్:

సార్, రింగ్ గుండ్రంగా వచ్చింది. అన్ని దూరాలూ 1.38, 1.39. రీట్‌వెల్డ్ పెడితే 9.74 తో సహా అన్ని పీకులూ కూర్చున్నాయి. కొత్త బ్యాచ్ పాత రూపమే.

రిపోర్ట్‌లో రెండు సెల్స్ రాసి, మధ్యలో మాట్రిక్స్ పెట్టి, కింద రెడ్యూస్డ్ సెల్ ఒకటే అని ఒక వాక్యం రాశాను. మేనేజర్‌గారు చదివి సంతకం పెట్టేశారు. క్వాలిటీ వాళ్ళు మాత్రం వెనక్కి పంపారు. వాళ్ళ ఫారంలో బీటాకు ఒకటే గడి ఉందట, రెండు అంకెలు పట్టవట. ఏ గడిలో ఏది పెట్టమంటారు?

తార్నాక తాత:

గడిల 94.6 పెట్టు. రిమార్క్స్ అని కింద ఖాళీ ఉంటది గద, ఎవ్వరూ ఏం రాయరు దాంట్ల. మాట్రిక్స్ అక్కడ రాయి.